చెక్కుతో పాటు ఒక గంట

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో, విద్యా సహాయ కమిటీ సభ్యులైన ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)





కాలేజీ పిల్లలు తమ చదువును, బతుకును ఎలా ప్లాన్ చేసుకోవాలో మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. పిల్లలకు చెప్పవలసినవి చెబుతాను. అయితే ముందు వరుసల్లో కూర్చున్నది దాతలు. అందుకని నా మాటలు ఎక్కువగా మీకోసమే. పిల్లలు కూడా వినండి. పెద్దల దగ్గర డబ్బు కాక ఇంకేం అడగవచ్చో మీకూ తెలియాలి.

నేను 31 సంవత్సరాలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో కామర్స్ బోధించాను. 2011 నుంచి మన విద్యా సహాయ కమిటీలో ఉన్నాను. ఈ రెండు పనులూ నేనే చేసినా, చాలా ఏళ్ళపాటు ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేనట్టు చేశాను. ఆ తప్పు సంగతి చెప్పకుండా పిల్లలకు సలహాలు ఇవ్వడం నాకు తగదు.

మూడు చెక్కులు

2013లో ఒక అబ్బాయి బీకాంలో చేరాడు. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారు. ఆ ఏడాది రంజాన్ జూలైలో వచ్చింది. జకాత్ సొమ్ము చేతిలో ఉంది, కాలేజీ ఫీజు గడువూ అప్పుడే. చెక్కు ఇచ్చాం. మరుసటి ఏడు ఇచ్చాం, ఆ తరువాతి ఏడూ ఇచ్చాం. మూడు చెక్కుల మీదా నా సంతకం ఉంది. 2016లో ఆ అబ్బాయి 61 శాతం మార్కులతో పాసయ్యాడు. ఆ సంవత్సరం మన సావనీర్‌లో అతని ఫోటో వేసుకున్నాం. మన పని అయిపోయిందనుకున్నాం.

2024 చివర్లో నా ఫోను గ్లాసు పగిలితే బజారులో ఒక మొబైల్ షాపుకు వెళ్ళాను. కౌంటర్ వెనకున్నతను లేచి నిలబడి "సలాం సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. గుర్తుపట్టలేదు. అతనే చెప్పాడు. గ్లాసు మారుస్తూ అడిగాడు: "సార్, ఏదైనా బ్యాంకు పరీక్ష రాద్దామని ఉంది. దానికి ఎట్లా కట్టాలి?"

వయసెంత అని అడిగాను. 29 అన్నాడు.

బ్యాంకు క్లర్కు పరీక్షకు గరిష్ఠ వయసు 28. అది అప్పటికే దాటిపోయింది. ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు 30. అంటే ఇంక ఒక్కసారి రాయగలడు. 2025లో రాశాడు. ప్రిలిమ్స్ దాటలేదు. మొదటిసారి రాసిన పరీక్షే అతనికి చివరిసారి కూడా అయింది.

ఇంకొక సంగతి ఉంది. బీకాం 55 శాతం మార్కులతో పాసైనవారు సీఏ ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా ఇంటర్మీడియెట్ స్థాయిలో చేరవచ్చు. కామర్స్ కాకుండా ఇతర డిగ్రీలవారికైతే 60 శాతం ఉండాలి. ఈ అబ్బాయికి 61 వచ్చింది. 2016లో అతను సీఏలో చేరడానికి అర్హుడు. ఈ విషయం అతనికి తెలియదు. నాకు తెలుసు. ఏటా మా కాలేజీలో క్లాసులో చెప్పేవాణ్ణి. కానీ అతను చదివింది మా కాలేజీలో కాదు. నా ముందుకు వచ్చింది చెక్కు కోసం. మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ తల మీద చెయ్యిపెట్టి "బాగా చదువు బేటా" అన్నాను. డిగ్రీ తరువాత ఏం చేస్తావని ఒక్కసారి కూడా అడగలేదు.

సీఏకు వయసు పరిమితి లేదు కదా, ఇప్పుడు చేరవచ్చు కదా అని మీరు అనవచ్చు. నిజమే. కానీ 2016లో అతని తండ్రి బండి నడుస్తోంది. ఇప్పుడు తండ్రికి మోకాళ్ళ నొప్పులు. అతనికి భార్య, చంటిబిడ్డ. అప్పట్లో మూడు నాలుగేళ్ళు ఓర్చుకోగలిగిన ఇల్లు ఇప్పుడు మూడు నెలలు కూడా ఓర్చుకోలేదు.

మొబైల్ షాపు పని తక్కువదని నేను అనడం లేదు. ఈ సొసైటీని నిలబెట్టిందే దుకాణదారులు. ఇష్టపడి దుకాణం పెట్టుకున్నవాడికి నా సలాం. ఆ అబ్బాయి మాత్రం దాన్ని ఇష్టపడి ఎంచుకోలేదు. డిగ్రీ అయ్యాక వేరే దారి చూపించేవారు లేక అక్కడ చేరాడు. తాత్కాలికం అనుకున్నది ఎనిమిదేళ్ళు గడిచింది.

తెలియకపోవడం కొత్త కష్టం కాదు

ఏపీజే అబ్దుల్ కలామ్ గారి అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి తమ్ముడిని మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేర్పించిన సంగతి మీ అందరికీ తెలుసు. అప్పటి ఫీజు దాదాపు వెయ్యి రూపాయలు. ఆ అక్క త్యాగాన్ని ప్రతి సభలో చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే.

దానికి ముందు జరిగినదాన్ని తక్కువగా చెప్పుకుంటాం. ఆయన తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో బీఎస్సీ ఫిజిక్స్ చదివారు. సైన్సు విద్యార్థికి ముందు ఏయే అవకాశాలున్నాయో చెప్పినవారు అప్పట్లో ఎవరూ లేరు. తన కలకు కావలసింది ఇంజనీరింగ్ అని డిగ్రీ చేతికొచ్చాక తెలుసుకున్నారు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. అంతటి మేధావికీ దారి తెలియకపోవడం వల్ల కొన్నేళ్ళు చుట్టు తిరగవలసి వచ్చింది. ఆయన ప్రతిభ వేరు కాబట్టి చుట్టు తిరిగినా గమ్యం చేరారు. మన మామూలు పిల్లలు చుట్టు తిరిగితే ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

ఇంజనీరింగ్ పూర్తయ్యాక కలామ్ గారు ఒకే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి కూర్చోలేదు. వైమానిక దళంలో పైలట్ ఉద్యోగానికీ, రక్షణశాఖలోని సాంకేతిక విభాగానికీ పెట్టారు. పైలట్ ఎంపికలో ఎనిమిది ఖాళీలకు ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచారు. ఒక్క స్థానంలో కల జారిపోయింది. రెండో దరఖాస్తు ఉంది కాబట్టి 1958లో ఆ విభాగంలో చేరారు. తరువాతి చరిత్ర దేశానికి తెలుసు. పిల్లలూ, ఇందులో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. మొదటి కోరిక గట్టిగా ఉండాలి. రెండో దరఖాస్తు కూడా వేసి ఉండాలి.

1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాల స్థాపించారు. ఆనాడు మన పిల్లలకు కాలేజీ మెట్టు ఎక్కడమే కష్టం. ఆ తరం పెద్దలు ఆ కొరత చూసి కాలేజీలు కట్టారు. ఈనాడు చాలా ఊళ్ళలో డిగ్రీ సీటుకు కొరత లేదు. డిగ్రీ చదివి బయటికి వచ్చిన రోజున ఎటు నడవాలో తెలియకపోవడం ఈ తరం కొరత. దాన్ని తీర్చవలసింది మనమే.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అందులో చూసి బాధపడ్డాం. ఇరవై ఏళ్ళుగా ప్రతి సభలో ఆ అంకెలు చదువుతున్నాం. ఆ పరీక్షను ఎన్నిసార్లు, ఏ వయసు దాకా రాయవచ్చో మాత్రం ఏ పిల్లవాడికీ విడమరచి చెప్పలేదు. జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ళ దాకా ఆరుసార్లు. కేంద్ర జాబితాలోని ఓబీసీకి 35 ఏళ్ళ దాకా తొమ్మిదిసార్లు. పిల్లవాడికి అక్కరకొచ్చేది ఈ రెండో రకం అంకెలే.

ప్లాన్ అంటే ఏమిటి

ప్లాన్ అనగానే పిల్లలు పెద్ద పెద్ద మాటలు చెబుతారు. కలెక్టర్ అవుతాను, అమెరికా వెళతాను అంటారు. అది ఆశయం. ఉండాలి. ప్లాన్ అంటే ఒక తెల్లకాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవడం.

మొదటిది, కాగితాలు. మన ఇళ్ళలో ఇది పెద్ద సమస్య. టెన్త్ మెమోలో "షేక్" అని పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో "ఎస్‌కే" అని ఉంటుంది. బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు చివరికి వెళుతుంది. మహమ్మద్‌ది కూడా ఇదే కథ, సయ్యద్‌ది కూడా ఇదే. స్కాలర్‌షిప్ డబ్బు ఖాతాలో పడకపోయినప్పుడో, ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూసే రోజో ఇది బయటపడుతుంది. అప్పుడు పరుగులు పెడతాం. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే అన్ని కాగితాలూ టేబుల్ మీద పరిచి, టెన్త్ మెమోలో ఉన్న పేరుకు మిగతావి సరిచేసుకోవాలి. తీరిగ్గా చేస్తే పని, చివర్లో చేస్తే గండం.

కాగితాల్లోనే కుల ధ్రువీకరణ సంగతి కూడా ఉంది. 2007 చట్టం ప్రకారం రాష్ట్రంలో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉందని అందరికీ తెలుసు. బీసీ-ఈ అనేది రాష్ట్ర జాబితా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, బ్యాంకులకు చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు రాష్ట్రంలో బీసీ-బీ, కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. కేంద్ర జాబితాలో లేనివారు, ఏ రిజర్వేషన్ కిందకూ అక్కడ రానివారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలకు లోబడితే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2019 నుంచి అందులో 10 శాతం రిజర్వేషన్ ఉంది. ఈ సర్టిఫికెట్ ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏటా తీసుకోవాలి. ఇంకొకటి గమనించండి. కేంద్ర ఓబీసీకి బ్యాంకు పరీక్షల్లో మూడేళ్ళ వయసు సడలింపు ఉంటుంది. ఈడబ్ల్యూఎస్‌కు ఉండదు. నేను చెప్పిన అబ్బాయి తన దగ్గర బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కాబట్టి మూడేళ్ళు కలుస్తాయనుకున్నాడు. కలవలేదు.

రెండవది, తేదీలు. ఏ పరీక్షకు కనిష్ఠ వయసెంత, గరిష్ఠ వయసెంత, నోటిఫికేషన్ సాధారణంగా ఏ నెలల్లో వస్తుంది, డిగ్రీ ఏ తేదీకల్లా పూర్తయి ఉండాలి. బ్యాంకు పరీక్షలు 20 ఏళ్ళకే రాయవచ్చు. అంటే డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే మొదలుపెట్టిన పిల్లకు క్లర్కు పరీక్ష ఏడెనిమిదిసార్లు రాసే వీలుంటుంది. మొదటిసారి పోయినా బాధలేదు. 29వ ఏట మొదలుపెట్టినవాడికి ఆ వీలు లేదు.

మూడవది, రెండు దారులు. పేదింటి పిల్లవాడికి నేను చెప్పేది ఇది. ముందు ఇంటిని నిలబెట్టే పని ఒకటి చూసుకో. దాని మీద నిలబడి, ఎదిగే పనికి చదువుకో. బీకాం చదివే పిల్లవాడు డిగ్రీలో ఉండగానే ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటే ఊళ్ళోనే ఆడిటర్ల దగ్గర, హోల్‌సేల్ దుకాణాల్లో పని దొరుకుతుంది. డిగ్రీ అయినవారికి 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో స్టైపెండ్‌తో ఏడాది శిక్షణ ఉంటుంది. సీఏ చేసేవారికి ఆర్టికల్‌షిప్ కాలంలో కొంత స్టైపెండ్ వస్తుంది. 2023లో మార్చిన విధానం ప్రకారం ఆ కాలం మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. సివిల్స్ రాయదలచినవారికి హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో రెసిడెన్షియల్ కోచింగ్ అకాడమీ ఉంది.

నాలుగవది, ఇంటి గడువు. దీని గురించి ఏ కోచింగ్ సెంటరూ మాట్లాడదు. ఈ పిల్లవాడి సంపాదన లేకుండా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? ఆరు నెలలా, రెండేళ్ళా? పెళ్ళికావలసిన అక్కచెల్లెళ్ళు ఎంతమంది? తీర్చవలసిన అప్పు ఉందా? ఈ లెక్క తల్లిదండ్రుల సమక్షంలో వెయ్యాలి. ఆరు నెలల గడువున్న ఇంట్లో నాలుగేళ్ళ కోర్సు చెబితే అది సలహా కాదు, అందరికీ కష్టమే.

ఆడపిల్లల సంగతి

ఆ షాపులో అబ్బాయి నాతో చివర్లో అన్న మాట ఇది: "నా సంగతి సరే సార్. మా చెల్లెలు బీకాం రెండో సంవత్సరం. దానికి చెప్పండి."

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి కాగితాలు తెచ్చింది. పేరు రెండు రకాలుగా ఉంది. ముందు అది సరిచేయించాం, రెండు నెలలు పట్టింది. మార్కులు అప్పటికి 68 శాతం. సీఏ సంగతి చెప్పాను. పిల్ల కళ్ళలో వెలుగు కనిపించింది. తండ్రి ముఖంలో మాత్రం భయం కనిపించింది. "డిగ్రీ కాగానే సంబంధం చూద్దామనుకుంటున్నాం సార్. ఇప్పుడే ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు" అన్నారు.

నేను ఆయనతో వాదించలేదు. ఆడపిల్ల తండ్రి భయం ఆయనది. ఇంకో రెండు ఆదివారాలు వెళ్ళాను. రెండోసారి మా ఆవిడను తీసుకెళ్ళాను. ఆమె ఆ తల్లితో మాట్లాడింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. డిగ్రీ తరువాత రెండేళ్ళు చదువుకే. ఈలోగా మంచి సంబంధం వస్తే, చదువు కొనసాగించనిస్తామన్న మాట ముందే తీసుకోవాలి. ఇదంతా తండ్రి ఎదుటే కాగితం మీద రాశాం. ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం చివర్లో ఉంది. నాలుగో ఏడు ఆనర్స్‌కు ఉండకుండా మూడేళ్ళ డిగ్రీతో బయటికి వచ్చి సీఏ ఇంటర్‌కు చదవాలని నిర్ణయించుకుంది. రెండో దారిగా బ్యాంకు క్లర్కు పరీక్ష రాస్తుంది. పాసవుతుందా లేదా అన్నది అల్లాహ్ చేతిలో ఉంది. కానీ తెలియక పోగొట్టుకుంది అన్న మాట ఆ పిల్ల విషయంలో రాదు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు ఫీజు 100 రూపాయలు. సివిల్స్ ప్రిలిమినరీకీ అంతే. ఆడపిల్లలకు రెండింటికీ అసలు ఫీజే లేదు. అయినా మన ఆడపిల్లల్లో ఆ దరఖాస్తులు పెట్టినవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. డబ్బు అడ్డం కాని చోట కూడా మన పిల్లలు ఆగిపోతున్నారు. చెప్పేవారు లేకపోవడమే కారణం.

దాతలకు నా విన్నపాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాలుగు విన్నపాలు.

ఒకటి. మన డబ్బు వచ్చే కాలం, పిల్లలకు డబ్బు అవసరమయ్యే కాలం విడిపోతున్నాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2016లో జూన్‌లో వచ్చింది, కాలేజీ అడ్మిషన్ల వేళ. ఈ ఏడాది 2026లో ఫిబ్రవరిలో వచ్చింది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మళ్ళీ ఒకసారి రంజాన్ మొదలవుతుంది. జకాత్, సదఖా అంతా రంజాన్‌లో వసూలై పండుగనాటికి పంచేస్తున్నాం. జూన్, జూలైలో సీటు వచ్చిన పిల్లవాడు తలుపు తట్టేసరికి పెట్టె ఖాళీగా ఉంటోంది. గత ఏడాది జూలైలో ముగ్గురు పిల్లలకు చేబదులు తెచ్చి కట్టవలసి వచ్చింది. కాబట్టి జూలై కోసం ఒక భాగం విడిగా ఉంచుదాం. జకాత్ సొమ్మును అలా ఉంచవచ్చా, ఎంతకాలం, ఎవరి పేరున అన్నది ఇక్కడున్న ఉలమాలు చెప్పాలి. వారు చెప్పినట్టే చేద్దాం. జకాత్ కాని విరాళాలకు ఆ చిక్కు లేదు. ఈ ఏడాది మీరిచ్చే సాధారణ విరాళంలో కొంత "జూలై కోసం" అని రాసి ఇవ్వండి.

రెండు. డిగ్రీ తరువాతి ఏడాదికి చిన్న ఖర్చుల నిధి. మనం డిగ్రీ దాకా ఇస్తాం, డిగ్రీ అయిన రోజున ఆపేస్తాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. రెండు ఐబీపీఎస్ పరీక్షలకు ఒక్కొక్కదానికి 850 చొప్పున 1,700. స్టేట్ బ్యాంకు రెండు పరీక్షలకు 750 చొప్పున 1,500. మొత్తం 3,200. ఇవి ఈమధ్య నోటిఫికేషన్ల ప్రకారం ఉన్న ఫీజులు. ఓబీసీకైనా ఈడబ్ల్యూఎస్‌కైనా ఇందులో తగ్గింపు లేదు. దీనికి పరీక్ష ఊరికి చార్జీలు, ఒక రాత్రి బస కలపండి. కూలికి వెళ్ళే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. మన లెక్కలో మాత్రం చిన్నదే. ఒక పిల్లవాడి మూడేళ్ళ ఫీజు మీద మనం పెట్టిన డబ్బు వృథా కాకుండా కాపాడేది ఈ చిన్న మొత్తమే.

మూడు. చెక్కుతో పాటు ఒక గంట ఇవ్వండి. ఈ హాలులో ఆడిటర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, డాక్టర్లు, మెడికల్ షాపుల యజమానులు, కాంట్రాక్టర్లు, టీచర్లు, గల్ఫ్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చినవారు ఉన్నారు. మీకు తెలిసిన సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు. గల్ఫ్‌కు వెళ్ళదలచిన పిల్లవాడికి వీసా మీద రాసిన పని ఏమిటో చూసుకోమని చెప్పగలిగేది అక్కడికి వెళ్ళి వచ్చిన మనిషే. ఏడాదిలో మూడు ఆదివారాలు, ఒక్కొక్క ఆదివారం ఒక పిల్లవాడికి ఒక గంట. అంతకన్నా అడగను. ఆ షాపు అబ్బాయి ఇప్పుడు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ పని నేర్చుకుంటూ జీతం తీసుకుంటున్నాడు. ఆ ఆడిటర్ గారు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు. వారిని నేను అడిగింది విరాళం కాదు, ఒక కుర్చీ.

గంట ఇచ్చేవారు ఒక జాగ్రత్త పాటించాలి. పాత సమాచారం చెప్పకూడదు. పరిశోధన విద్యార్థులకు ఉండిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేసినట్టు కేంద్రం 2022 డిసెంబరులోనే ప్రకటించింది. మన పాత సావనీర్‌లలో అది ఇంకా ఉన్నట్టే ఉంది. అది చూసి మొన్న ఒక అమ్మాయి నన్ను అడిగింది. పరీక్ష ఏదైనా ఆ ఏటి నోటిఫికేషన్ దగ్గర పెట్టుకుని చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, తెలిసినవారి దగ్గరికి పంపండి.

నాలుగు. మన వార్షిక నివేదికలో ఎంతమందికి స్కాలర్‌షిప్ ఇచ్చామో రాస్తాం. వాళ్ళు ఏమయ్యారో రాయం. వచ్చే ఏడాది సావనీర్‌లో ఒక పేజీ కేటాయిద్దాం. గత ఐదేళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన మన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పేర్లు వద్దు, ఫోటోలు వద్దు, అంకెలు చాలు. ఉద్యోగంలో ఇంతమంది, పై చదువులో ఇంతమంది, వ్యాపారంలో ఇంతమంది, ఆచూకీ తెలియనివారు ఇంతమంది. మొదటి ఏడాది ఆ పేజీ చూసి మనకు సిగ్గేస్తుంది. వెయ్యనీయండి. లెక్క రాయని దుకాణం ఎంతకాలం నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఏటి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కమిటీ రెండో పేజీ జతచేసింది. ఇందాక చెప్పిన నాలుగు విషయాలే అందులో ఉన్నాయి. కాగితాలు, తేదీలు, రెండు దారులు, ఇంటి గడువు. పిల్లలూ, రాయడం రాకపోతే ఖాళీగానే తీసుకురండి. మాతో కూర్చుని నింపుదాం. ఖాళీగా తెచ్చినందుకు ఎవరి స్కాలర్‌షిప్పూ ఆగదు. కానీ ఆ పేజీ నిండకుండా ఏ చెక్కు మీదా నేను సంతకం పెట్టను. ఇది మీకు పెట్టే షరతు కాదు, నాకు నేను పెట్టుకున్న షరతు.

సభ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. విరాళాల రిజిస్టరు దాని పక్కనే ఉంది. ఇందులో మాత్రం డబ్బు రాయనక్కర్లేదు. మీ పేరు, మీ పని, మీకు వీలైన మూడు ఆదివారాలు రాయండి. మొదటి వరుసలో నా పేరు రాశాను.

మన పిల్లల చదువు వారికీ, వారి ఇళ్ళకూ, సమాజానికీ మేలు చేసే చదువు కావాలని, మన చేతుల మీదుగా వెళ్ళే ప్రతి రూపాయీ, ప్రతి గంటా అల్లాహ్ స్వీకరించాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఆమీన్.

వస్సలామ్.